జెండా తెచ్చేవాడొకడు... గెలిపించేవాడింకొకడు!

సినిమాలో హీరో ఒక్కడే పదిమందిని చితకబాదుతాడు. హాలంతా ఈలలు, చప్పట్లు! కాని ఒక ఆట వుంది. అందులో ఒక్కడే పదిమందిని పడగొట్టినా అతని జట్టు చిత్తుగా ఓడిపోవచ్చు. తుపాకీ పెద్దగా పేల్చనివాడు జట్టుని గెలిపించనూవచ్చు. ఇదెక్కడి చోద్యం అంటారా? చోద్యం కాదు. కంప్యూటరు తెరమీద కుర్రకారు పాతికేళ్ళకు పైగా ఆడుతున్న ఆట. ఇంగ్లీషులో 'కాప్చర్ ది ఫ్లాగ్' అంటారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే జెండా ఎత్తుకొచ్చే ఆట.

తుపాకుల ఆట అనగానే పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు. "ఢాం, ఢాం అని కాల్చుకోవడమేగా! అందులో బుర్రకి పనేముంది?" అంటారు. మిగతా తుపాకుల ఆటల సంగతి ఎలావున్నా, ఈ జెండా ఆటకి మాత్రం ఆ మాట చెల్లదు. ఇందులో కథ వుంది, ఎత్తు వుంది, పై ఎత్తు వుంది, గుండె ఆగిపోయే క్లైమాక్సు వుంది. అన్నిటికీ మించి, ఎవరు హీరో అనే తగాదా వుంది. ఆ తగాదా తేల్చుకోలేక ఓడిన జట్లే ఎక్కువ!

కథ ఇంతే!

రెండు జట్లు. ఒకటి ఎరుపు, ఇంకొకటి నీలం. ఎవరి కోటలో వాళ్ళ జెండా. అవతలి కోటలోకి దూరి, వాళ్ళ జెండా ఎత్తుకుని, ప్రాణాలతో తిరిగొచ్చి, దాన్ని మన జెండా పాతిన చోటికి చేర్చాలి. అప్పుడు పాయింటు. దారిలో చస్తే జెండా అక్కడే పడిపోతుంది. జెండా సొంతదారుల్లో ఎవడైనా వచ్చి దాన్ని ముట్టుకుంటే చాలు, టక్కున తన కోటకి వెళ్ళిపోతుంది. చచ్చినవాడు కాసేపటికి మళ్ళీ తన కోట వైపే పుడతాడు.

చెడుగుడు ఆడినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. కూత పెట్టి గీత దాటడం ఎవడైనా చేస్తాడు. అవతలివాణ్ణి ముట్టుకుని, కూత తెగకుండా ఇవతలికి వచ్చినవాడే మొనగాడు. ఇక్కడా అంతే. వెళ్ళడం సగమే, తిరిగి రావడమే అసలు కథ.

1996 జూన్‌లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికి చెందిన ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ 'క్వేక్' అనే ఆట విడుదల చేసింది. అదే సంవత్సరం డేవ్ కిర్ష్ అనే ఆయన ఆ ఆట మీదే 'త్రీవేవ్ కాప్చర్ ది ఫ్లాగ్' తయారుచేశాడు. ఆటగాళ్ళంతా ఆయన్ని 'జోయిడ్' అనే మారుపేరుతోనే పిలుచుకునేవారు. గోడకి కొక్కెం విసిరి తాడుతో ఎగిరిపోయే ఏర్పాటు కూడా అందులో పెట్టాడు. అంతవరకూ ఎవడికి వాడు కాల్చుకునే ఆటలో, మొదటిసారిగా "మనం" అనే మాట గట్టిగా వినిపించింది. 1999 నవంబరులో 'అన్‌రియల్ టోర్నమెంట్', డిసెంబరులో 'క్వేక్ 3 అరీనా', 2001లో 'హేలో', 2007లో 'టీమ్ ఫోర్ట్రెస్ 2'... ఇలా హిట్టు మీద హిట్టు!

నలుగురికి నాలుగు వేషాలు

క్వేక్ 3లో జట్టుకి నలుగురేసి చొప్పున ఆడే పద్ధతి బాగా స్థిరపడింది. ఆ నలుగురూ జెండాకోసం ఒకేసారి పరిగెత్తారనుకోండి, ఇంట్లో ఎవరుంటారు? తలుపులు తీసిపెట్టి ఊరికి పోయినట్టే! అందుకని వేషాలు పంచుకుంటారు.

ఒకడు జెండా పక్కనే కాపు కాస్తాడు. రెండోవాడు కోటలోకి వచ్చే దారుల్ని చూస్తూ, కవచాలూ మందుగుండూ ఏరుకుంటూ, మొదటివాడికి తోడుంటాడు. మూడోవాడు అవతలి కోట మీద పడి గందరగోళం చేస్తాడు. నాలుగోవాడు ఆ సందులో జెండా లాక్కొస్తాడు. అవసరాన్నిబట్టి వీళ్ళలో ఒకడు మధ్య మైదానానికి వచ్చి, జెండా తెచ్చేవాడికి ఎదురెళ్ళి వెంటపెట్టుకొస్తాడు.

చెప్పడం తేలికే. కాని కాపలా వేషం ఎవరికి కావాలి? ఆ వేషానికి ఈలల్లేవు. అవతలివాడు వచ్చేదాకా గోడ చూస్తూ నిలబడాలి. వచ్చాక రెండు క్షణాల్లో తేల్చెయ్యాలి. ఒక్కసారి తప్పితే "ఏం చేస్తున్నావురా అక్కడ?" అని తిట్లు. పదిసార్లు కాపాడితే ఎవరికీ తెలియదు. మన సినిమాల్లో కారెక్టర్ ఆర్టిస్టు బతుకే కదూ!

క్వేక్ 3 తయారుచేసినవాళ్ళకి ఈ సంగతి తెలిసినట్టుంది. జెండా తెచ్చినవాడికే కాక, కోట కాపాడినవాడికీ, తెచ్చేవాడికి సాయపడినవాడికీ వేరువేరు పతకాలు పెట్టారు.

చంపడానికీ చోటు చూడాలి!

ఇక్కడే అసలైన గమ్మత్తు. చచ్చినవాడు తన కోట వైపే మళ్ళీ పుడతాడని చెప్పాను కదా! దాన్నిబట్టి చావు ఖరీదు మారిపోతుంది. కాపలావాడు చచ్చినా ఇంటి దగ్గరే పుడతాడు, క్షణాల్లో పనిలోకి దిగుతాడు. దాడికి వెళ్ళినవాడు చస్తే మైదానమంతా మళ్ళీ దాటాలి. కాబట్టి ఒక్కడి చావు చౌక, ఇంకొకడి చావు ప్రియం.

ఇంకొంచెం లోతుకి వెళదాం. మనవాడు అవతలి కోటలో జెండా మీద చెయ్యి వెయ్యబోతున్నాడు. సరిగ్గా అప్పుడే మన కోటలోకి వాళ్ళవాడొకడు చొరబడ్డాడు. వాణ్ణి అక్కడికక్కడే కాల్చేస్తే ఏమవుతుంది? వాడు వెళ్ళి తన కోటలో పుడతాడు. అంటే మనవాడి ఎదురుగా! కాళ్ళరిగేలా నడవాల్సిన శత్రువుని మనమే బండెక్కించి ఇంటికి పంపినట్టు. ఆరితేరిన కాపలావాడు అలాంటప్పుడు వాణ్ణి జెండా దగ్గరికి రానివ్వకుండా, చావనివ్వకుండా నాలుగు క్షణాలు తిప్పుతాడు. మనవాడు జెండాతో బయటపడ్డాక అప్పుడు లెక్క తేలుస్తాడు. ఎన్ని చంపామన్నది కాదు, ఎప్పుడు, ఎక్కడ అన్నది లెక్క.

గడియారం కూడా ఒక ఆయుధమే. క్వేక్ 3లో 'క్వాడ్ డామేజ్' అనే వరం వుంది. అది దొరికినవాడి దెబ్బకి బలం ఎన్నో ఇంతలు పెరుగుతుంది. ఒకరు తీసుకున్న 2 నిమిషాలకి మళ్ళీ పుడుతుంది. ఎర్ర కవచమైతే 25 సెకండ్లకి. మంచి జట్టులో ఒకడు ఈ లెక్కలు కడుతూనే వుంటాడు. వరం పుట్టే వేళకి దాడిచేసేవాడు అక్కడ వుండాలి. అది చేతికి అందిన వెంటనే దండయాత్ర మొదలవ్వాలి. ముహూర్తం దాటితే పెళ్ళి చెడినట్టే.

అలాగే మాటలు. "ఒరేయ్, వచ్చేశాడు, వచ్చేశాడు!" అని అరిస్తే లాభం లేదు. ఎందరు, ఎక్కడ, ఎటు వెళుతున్నారు - ఈ మూడూ చెప్పాలి. "ఇద్దరు, కింద దారి, జెండా వైపు." అంతే. మిగతాదంతా గోల.

పీటముడి

క్వేక్ ఆటలో ఇంకో నిబంధన వుంది. మన జెండా మన కోటలో వుంటేనే, మనం తెచ్చిన జెండాకి పాయింటు. మరి వాళ్ళూ మన జెండా ఎత్తుకుపోయి వుంటే? మనవాడు వాళ్ళ జెండాతో మన కోటలో, వాళ్ళవాడు మన జెండాతో వాళ్ళ కోటలో. ఎవరికీ పాయింటు రాదు. పీటముడి పడింది!

ఇదే ఈ ఆటకి ఇంటర్వెల్ తర్వాతి ఘట్టం. తెలియని జట్టు ఇక్కడ నలుగురూ కలిసి అవతలి కోట మీదికి పరిగెడుతుంది. జెండా మోసేవాడు కూడా! వాడు దారిలో చస్తే కథ కంచికి. తెలిసిన జట్టులో జెండా మోసేవాడు ఒక మూల చేరి కదలడు. అతని పక్కన ఒకడు. మిగతా ఇద్దరూ వెళ్ళి, మన జెండా పట్టుకున్నవాణ్ణి వేటాడతారు. వాడు పడిపోయి, మన జెండా ముట్టుకోగానే అది ఇంటికొస్తుంది. ఆ క్షణంలో మోసేవాడు జెండాస్థానం పక్కనే సిద్ధంగా వుండాలి. ఒక్క అడుగు... పాయింటు! వెతికినవాడెవరో, కాపాడినవాడెవరో, కేకేసి చెప్పినవాడెవరో... తెరమీద మాత్రం ఒక్కడి పేరే పడుతుంది.

మా హాస్టల్లో జరిగిన కథ

నేను డిగ్రీ చదివే రోజుల్లో, 2010 ప్రాంతంలో, మా హాస్టల్లో నాలుగు కంప్యూటర్లు ఇటు, నాలుగు అటు వైర్లతో కలిపి క్వేక్ 3 ఆడేవారు. పరీక్షలయ్యాక బ్లాకుల మధ్య పోటీ పెట్టారు. మా బ్లాకు జట్టులో ఒక కుర్రాడుండేవాడు. మాట తక్కువ. ఎప్పుడూ కాపలాయే. ఆట అయ్యాక లెక్కల పట్టీలో అతని పేరు అట్టడుగున! అయినా మా బ్లాకు వరసగా రెండు ఆటలు గెలిచింది. రెండింట్లోనూ మా జెండా గడప దాటింది ఒక్కసారే.

ఫైనల్ ముందు మా కెప్టెన్ లెక్కల పట్టీ చూశాడు. "వీడు ఆడేదేముంది? మూల కూర్చుంటాడు" అని ఆ కుర్రాణ్ణి తీసేసి, గురి తప్పని ఒక సీనియర్‌ని కూర్చోబెట్టాడు. సీనియర్ మూడు నిమిషాలు కాపలా కాశాడు. తర్వాత దూరంగా కాల్పులు వినబడ్డాయి. ఆగలేకపోయాడు. బయటికి వెళ్ళి నిజంగానే ముగ్గుర్ని పడగొట్టాడు. గదిలో ఒకటే కేకలు! ఆ కేకల్లో మా జెండా పోయింది. మళ్ళీ పోయింది. ఆ కుర్రాడు కుర్చీల వెనకాల నిలబడి చూస్తున్నాడు. మూడోసారి అవతలివాడు వస్తుంటే "కింద దారి..." అన్నాడు మెల్లిగా. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకి వినపడలేదు.

చంపిన లెక్కలో మావాళ్ళదే పైచేయి. జెండాల లెక్కలో ఒకటికి నాలుగు. ఓడిపోయాం. తర్వాత సంవత్సరం కెప్టెన్ స్వయంగా వెళ్ళి పిలిచినా ఆ కుర్రాడు ఆడటానికి రాలేదు. "మీరు ఆడండి, నేను చూస్తాను" అన్నాడట. ఒక ఆట ఓడటం పెద్ద నష్టం కాదు. అలాంటి మనిషిని పోగొట్టుకోవడం నష్టం.

ఉత్తర గోగ్రహణం చూశారుగా!

ఈ ఎత్తులేవీ అమెరికావాళ్ళు కొత్తగా కనిపెట్టినవి కావు. 'నర్తనశాల' (1963) చూసినవాళ్ళందరికీ తెలిసినవే! సుశర్మ దక్షిణాన విరాటరాజు ఆలమందల మీద పడ్డాడు. రాజు సైన్యమంతా వెంటబెట్టుకుని అటు పరిగెత్తాడు. మర్నాడు కౌరవులు ఉత్తరాన్నుంచి వచ్చి గోవుల్ని తోలుకుపోయారు. ఒక వైపు అల్లరి చేసి కాపలాని లాగడం, రెండో వైపునుంచి అసలు సరుకు ఎత్తుకుపోవడం - జెండా ఆటలో మొదటి పాఠం ఇదే! ఆనాటి విరాటరాజు చేసిన పొరపాటే ఈనాటి కుర్రాళ్ళూ చేస్తున్నారు. అల్లరి ఎక్కడ వినిపిస్తే అందరూ అక్కడికే.

మరి గోవుల్ని తిరిగి తెచ్చిందెవరు? ప్రగల్భాలు పలికిన ఉత్తరకుమారుడు కాదు. ఎవరూ లెక్కలో వెయ్యని బృహన్నల. ఇంట్లో మిగిలిపోయిన ఆ మనిషే అందరికన్నా గొప్ప విలుకాడు!

'మాయాబజార్' (1957) ఎత్తు కూడా వుంది. టీమ్ ఫోర్ట్రెస్ 2లో తొమ్మిది రకాల పాత్రలు. అందులో 'స్పై' శత్రువుల్లో ఒకడి వేషం వేసుకుని వాళ్ళ కోటలో దర్జాగా తిరుగుతాడు. ద్వారకలో మాయా శశిరేఖగా తిరిగిన ఘటోత్కచుడి వరసే! అయితే ఒక చిక్కు పెట్టారు. ఈ ఆటలో జెండాకి బదులు రహస్య పత్రాల పెట్టె వుంటుంది. స్పై ఆ పెట్టె ముట్టుకున్నాడో, వేషం జారిపోతుంది. కాబట్టి మాయగాడు దారి సుగమం చెయ్యాలి, పెట్టె మోసే పని కాళ్ళలో చురుకున్న 'స్కౌట్'కి వదలాలి. ఇక 'టూఫోర్ట్' అనే మైదానంలో రెండు కోటలు నీళ్ళకి అటూ ఇటూ ఎదురెదురుగా వుంటాయి. పెట్టె నేలమాళిగలో. అక్కడ 'ఇంజనీర్' తనంతట తానే కాల్చే తుపాకీ బిగించి కూర్చుంటాడు. దాన్ని పగలగొట్టాలంటే 'మెడిక్' తోడు కావాలి. అతను ప్రసాదించే 8 సెకండ్ల పాటు ఏ దెబ్బా తగలదు. ఎంత కండలున్నవాడికైనా వైద్యుడి చెయ్యి కావలసిందే.

గోపురాలు, జీపు, ఒక నవ్వుల సినిమా

మైదానాల్లో సూపర్ స్టార్ ఏదంటే, అన్‌రియల్ టోర్నమెంట్‌లోని 'ఫేసింగ్ వరల్డ్స్' అంటాను. సెడ్రిక్ ఫియొరెంటీనో గీసిన మైదానం. ఆకాశంలో తేలే ఒక రాతిబండ, దాని రెండు కొసల్లో రెండు గోపురాలు, వెనకాల మన భూమి! మధ్యలో దాక్కోవడానికి ఆకు చాటు కూడా లేదు. గోపురాల మీద గురికాళ్ళు కూర్చుంటారు. బిళ్ళ విసిరి దాని దగ్గరికి మాయమై తేలే యంత్రం ఒకటి అందరి దగ్గరా వుంటుంది. కాని జెండా పట్టుకుని దాన్ని వాడితే జెండా కింద పడిపోతుంది. అంటే మోసేవాడు ఆ బట్టబయట నడిచే రావాలి! అప్పుడు మన గురికాడు పేరుకోసం కనిపించినవాణ్ణల్లా కాల్చకూడదు. మోసేవాణ్ణి గురిపెట్టినవాణ్ణి మాత్రమే కాల్చాలి.

హేలోలో జెండా పట్టుకున్నవాడు తుపాకీ కాల్చలేడు. 'బ్లడ్ గల్చ్' అనే లోయలో జీపులాంటి బండి వుంటుంది. నడిపేవాడొకడు, వెనక తుపాకీ దగ్గరొకడు, పక్క సీట్లో జెండాతో ఒకడు. ముగ్గురిలో ఎవడు లేకపోయినా బండి ఇల్లు చేరదు. జట్టు అంటే ఏమిటో ఆ ఒక్క షాట్‌లో తెలిసిపోతుంది.

అదే లోయలో ఒక హాస్య చిత్రమాలిక తీశారు తెలుసా? కెమెరా లేదు, నటులు లేరు. ఆటలోని బొమ్మల్నే ఆడించి, గొంతులు కలిపి తీసిన 'రెడ్ వర్సెస్ బ్లూ'. 2003లో మొదలై 2024 దాకా సాగింది. ఎందుకు కొట్టుకుంటున్నారో వాళ్ళకే తెలియని సిపాయిల కథ. అందులో డోనట్ అనే కొత్త సిపాయిని తోటివాళ్ళు ఏడిపించడానికి, లోకంలో లేని సరుకు తెమ్మని అంగడికి పంపుతారు. వాడు శత్రువుల కోటనే అంగడి అనుకుని వెళ్ళి, జెండా తెచ్చేస్తాడు! ఎత్తులూ పై ఎత్తులూ అన్నీ నవ్వులపాలు.

యంత్రాలు నేర్చుకున్న పాఠం

చివరగా ఒక విచిత్రం. లండన్‌లోని డీప్‌మైండ్ సంస్థ పరిశోధకులు క్వేక్ 3 జెండా ఆటని కొద్దిగా మార్చి, కంప్యూటరు మెదళ్ళకి నేర్పారు. ఆ వివరాలు 2019 మే నెలలో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ముప్ఫై మెదళ్ళు, దాదాపు 4,50,000 ఆటలు. జట్టుకి ఇద్దరేసి, ఆట 5 నిమిషాలు, ప్రతిసారీ కొత్త మైదానం. ఎలా ఆడాలో ఒక్క ముక్క చెప్పలేదు. తెర కనిపిస్తుంది, పాయింట్లు తెలుస్తాయి, అంతే. ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీలూ లేదు.

ఆడగా ఆడగా అవి వాటంతట అవే ఏం నేర్చుకున్నాయో చూడండి. సొంత కోటకి కాపలా కాయడం. తోటివాడి వెంట వెళ్ళడం. అవతలి కోట దగ్గర మాటువేసి, జెండా మళ్ళీ రాగానే అందుకోవడం. అన్నీ మనవాళ్ళు ఏళ్ళ తరబడి ఆడి కనిపెట్టిన ఎత్తులే! 40 మంది మనుషులతో కలిపి పోటీ పెడితే యంత్రాలే నెగ్గాయి. వాటి చేతివాటాన్ని మనుషుల స్థాయికి తగ్గించినా వాటిదే పైచేయి అయింది. ఆడినవాళ్ళని తర్వాత అడిగితే, సహకరించడంలో తోటి మనుషులకన్నా యంత్రాలకే ఎక్కువ మార్కులు వేశారట!

నాకు ఇది కొంచెం గుచ్చుకుంది. యంత్రాలకి మనకన్నా తెలివి ఎక్కువై కాదు. వాటికి ఈలలక్కర్లేదు. పట్టీలో పేరు పైనుందా, కిందుందా అన్న బాధ లేదు. కోట దగ్గర ఒకడుండాలి అంటే వుంటాయి. మనకి అదే కష్టం.

అలాగని మనం యంత్రాలమైపోనక్కర్లేదు. ఈసారి స్నేహితులతో కూర్చుని ఆడినప్పుడు, మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఇంటి దగ్గర ఎవరుంటున్నారు?" వుంటానన్నవాడు దొరికితే అదృష్టవంతులు. ఆట అయ్యాక లెక్కల పట్టీ పైనుంచి కాకుండా కిందినుంచి చదవండి. అట్టడుగు పేరువాడికి ముందు ఒక టీ చెప్పండి. జెండా తెచ్చినవాడి సంగతంటారా? వాడికేం, ఈలలు ఎలాగూ వున్నాయి!